మామూలు అను మాట

ప్రభుత్వమునందును, సంఘమునందును, సాహిత్యమునందును నీతి దిగజారుచున్న తీరును గూర్చి ముచ్చటింపుమని నన్ను కోరిరి. విషయము పెద్దది. పెద్ద విషయమును పెద్ద మాటలతో చెప్పబూనినచో వక్తకు తృప్తి కలుగునేమో గాని వినువారికి ఒరుగునది లేదు. కావున నేనొక చిన్న మాటను పట్టుకొని బయలుదేరెదను. ఆ మాట మన అందరి నోళ్ళలోను నిత్యము మెలగునదే. అది 'మామూలు'.

కొన్నేండ్ల క్రిందట మా యూరి రైతు ఒకడు అడంగలు నకలు కొరకు కచేరికి పోయి, ప్రొద్దు గూకు వేళకు బస్సు దిగి వచ్చుచుండగా రచ్చబండ కడ నేనెదురైతిని. "ఏమప్పా, పని అయిందా?" అని అడిగితిని. "అయిపాయ సామీ. మామూలు ఇచ్చినా, అయిపాయ" అని చెప్పి తువ్వాలు దులుపుకొని తన దారిన పోయినాడు. అతని ముఖమున కోపము లేదు. సిగ్గును లేదు. బస్సు చార్జీ ఇచ్చినవాడెట్లు చెప్పునో అట్లే చెప్పినాడు. ఆ రాత్రి నాకు తోచినదేమనగా, అతడు 'లంచము ఇచ్చితిని' అని యుండినయెడల కోపమో సిగ్గో, రెంటిలో నొకటి వచ్చి తీరియుండును. మాట మారుటచేత రెండును రాకపోయెను.

ఈ మాట మనది కాదు. అరబ్బీ భాషనుండి పారసీక దఫ్తరముల మీదుగా ఆర్కాటు నవాబుల కచేరీలతో మన సీమకు వచ్చినది. అలవాటుగా జరుగుచు వచ్చినది అని దాని యర్థము. కుంఫిణీవారు నవాబు చేతినుండి ఈ సీమను తీసుకొన్న పిమ్మట రెవిన్యూ కాగితములలో దీనికి గొప్ప గౌరవమే దక్కినది. మామూలు నీరు, మామూలు తూము, మామూలు హక్కు అనునవి రైతునకు ప్రాణసమానములైన మాటలు. పై చెరువు మరువ నీరు తన చెరువునకు తాతలనాటినుండి వచ్చుచున్నదని రుజువు చేసికొనుటకు రైతు న్యాయస్థానమున మొట్టమొదట పలుకు మాట 'మామూలు' అనునదే. అంతటి పరువుగల మాటను లంచము తొడుగుకొన్నది. యజమాని అంగవస్త్రము కప్పుకొని దొంగ నడవలోనికి వచ్చినచో కుక్క సైతము మొరగదు గదా.

ఈ మాటకు తోబుట్టువులు చాలగలవు. ఆడపిల్లను ఇచ్చునింట వెలకట్టి గుంజుకొనుదానికి లాంఛనములని పేరు. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము వచ్చి అరువది యేండ్లు దాటినను ఆ పేరు చాటున ఆ వ్యాపారము సుఖముగా సాగుచున్నది. పనికి ముందుగా అధికారి యింటికి పోవు పండ్లబుట్టకు మర్యాద యని పేరు. కవికి కప్పు శాలువ వెనుక నడచు బేరమునకు సన్మానమని పేరు. చెడ్డపని ఏ కాలమునందైనను కలదు. చెడ్డపనికి మంచిపేరు కుదిరిననాడే అది ఊరిలో కాపురము పెట్టును.

మనకు మరియొక పద్ధతి యుండెను. దానిని చూపుటకు మిమ్ములను ఒక్కసారి కొండమీదికి తీసికొనిపోవలెను. తిరుమల గుడిగోడలను మీరందరు చూచియే యుందురు. త్రోపుడులో, గోవిందనామముల నడుమ, గోడమీది అక్షరముల వంక చూచుటకు ఎవరికిని తీరిక యుండదు. అక్కడను, దిగువ తిరుపతిలోను కలిపి వేయికి పైగా శాసనములున్నవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలగువారు శ్రమించి చదువగా దేవస్థానమువారు 1930 దశకమున వానిని సంపుటములుగా అచ్చొత్తించిరి. అరవమున నున్నవి ఎక్కువ. తెలుగు, కన్నడము, సంస్కృతములందును కలవు. ఇన్ని శాసనములలో ఏమి వ్రాసియున్నదని అడుగుదురేమో. దేవుని స్తోత్రము కొంచెము, రాజుల బిరుదములు కొంచెము. తక్కినదంతయు లెక్క.

పల్లవ రాణి సామవాయి వెండి విగ్రహమును సమర్పించెను. నేడు భోగశ్రీనివాసమూర్తి యని మనము కొలుచుచున్నది ఆ మూర్తినే. ఆమె శాసనము పదవ శతాబ్దమునాటిదని పండితులు చెప్పుదురు. దానిలో ఆ మూర్తికి చేయించిన నగలెన్ని, బంగారమెంత తూగినది, పొదిగిన రత్నములెన్ని అను వివరము రాతిపై చెక్కబడియున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు కొండకు వచ్చి సమర్పించిన నగలకును తూకములు వ్రాసిరి. సాక్షాత్తు రాయలు ఇచ్చినవే గదా, తూచుట యేల యని ఆనాడెవ్వరును అనలేదు.

ఇంతకంటె నాకు ముచ్చటగా తోచునవి సామాన్య దాతల శాసనములు. ఒకరు కొంత పొన్ను గుడికి చెల్లింతురు. గుడివ్యవహారము చూచు స్థానత్తారు ఆ సొమ్మును పెట్టెలో పెట్టి తాళము వేయరు. దేవుని గ్రామములలో చెరువులు త్రవ్వుటకు, కాలువలు తీయుటకు వినియోగింతురు. దానివలన పెరిగిన పంటతో దాత పేర నిత్యము ఇంత బియ్యము, ఇంత నేయి, ఇన్ని పెసలు, ఇంత మిరియము కొలిచి నైవేద్యము జరుపవలెను. ఆ ప్రసాదములో నాలుగవ పాలు దాతకు చెందును. తక్కినది ఎవరెవరికి ఎంతెంతయో అదియు వ్రాసియుండును. అనగా దేవుని ప్రసాదమున ఎవని ముద్ద ఎంతయో రాతిమీద నున్నది. ఎవడైన గరిటెడు నేయి తగ్గించినచో గోడయే సాక్ష్యము పలుకును.

అది స్వర్ణయుగమని నేను చెప్పుట లేదు. ఆ గోడను చదువ నేర్చినవారు కొందరే. దానిని సమీపించుటకే అనుమతి లేని ప్రజలు ఊరూర నుండిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవాలయ ప్రవేశ చట్టము వచ్చువరకు వారికి ఆ లెక్కతో నిమిత్తము లేదు. ఐనను లెక్క బయట నుండవలెనను ధర్మమును మాత్రము ఆ రాళ్ళు మరువలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. గుడి రాబడి నవాబులకు ఆదాయమార్గమాయెను. 1801లో కుంఫిణీ ప్రభుత్వము ఆలయపాలనను తన చేతికి తీసుకొన్నది. భక్తితో కాదు, ఖర్చు పోగా మిగులునది ఖజానాకు చేరుననియే. 1821లో బ్రూసు దొర పేర నొక నిబంధనావళి ఏర్పడెను. ఏ సేవకెంత, ఏ పదార్థమెంత యను దిట్టములను ఆ కుంఫిణీ గుమాస్తాలు పూసగ్రుచ్చినట్లు వ్రాసియుంచిరి. నేటికిని లడ్డూకు వేయు సరకుల కొలతను దిట్టమనియే అందుము. 1843లో దొరలు హిందూ దేవాలయముల జోలి మనకేలయని చేతులు కడుగుకొని పాలనను హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించిరి. అది తొంబదియేండ్లు సాగెను. ఆ తొంబదియేండ్లలో వ్యాజ్యములకు కొదవ లేదు. దేవుని సొమ్మునకు కావలి యున్నవాడు తన లెక్కను ఎవరికి చెప్పవలెను అను ప్రశ్న జిల్లా కోర్టునుండి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు ఎక్కెను. 1907లో అచ్చట తీర్పు వెలువడెను. చివరకు 1932వ సంవత్సరపు చట్టముచేత 1933లో దేవస్థాన కమిటీ యేర్పడెను. చేతులు మారినవి. గోడమీది లెక్క కాగితములోనికి, కాగితము బీరువాలోనికి పోయినది.

2024 సెప్టెంబరులో ఆ లడ్డూ నేతియందే కల్తీ జరిగినదను ఆరోపణ దేశమంతట మారుమ్రోగినది. అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని విచారించుటకై ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పరచినది. దోషులెవరను మాట తేల్చుట న్యాయస్థానముల పని. నేనిక్కడ చెప్పదలచినది మా రచ్చబండ సంగతి. ఆ వార్త వచ్చిననాడు మావారు గుండెలు బాదుకొందురని నేననుకొంటిని. కొందరు బాధపడిరి. కాని నలుగురైదుగురు, గుడికి నియమముతో పోవువారే, "ఆ, అదంతా మామూలే లే" అని చుట్ట ముట్టించిరి. చూచితిరా, ఆ మాట ఎంత దూరము వచ్చినదో! లంచమునకు పేరుగా పుట్టి తుదకు మన దుఃఖమునకు మందుగా పనిచేయుచున్నది. దేవుని నేతిలో కల్తీ నిజమో అబద్ధమో తెలియకమునుపే, నిజమైనను ఫరవాలేదని మనసును సిద్ధపరచు మందు అది.

ఇక ప్రభుత్వము మాట. మనలో వృద్ధులు కొందరు తెల్లవాని రాజ్యమే మేలని అనుచుండుట నేను చిన్ననాట విన్నాను. ఆ మాట స్వాతంత్ర్యము వచ్చిన ఆరు మాసములలోనే పుట్టినదనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు గుంటూరు వారు. ఆంధ్రోద్యమమునకు ఆద్యులలో నొకరు. ఆయన ఎనుబదియేండ్లు దాటిన వయస్సున, కాలు విరిగి ఊతకర్రలతో నడచుచున్న స్థితిలో గాంధీగారికి ఒక ఉత్తరము వ్రాసిరి. శాసనసభ్యులు కొందరు పలుకుబడినమ్ముకొని ధనము కూర్చుకొనుచున్నారనియు, మేజిస్ట్రేటుల ముందు నడచు నేరవిచారణలలో సైతము చేయి పెట్టుచున్నారనియు, కలెక్టరులు స్వేచ్ఛగా పనిచేయలేకున్నారనియు, ప్రజలు పాత ప్రభుత్వమే మేలనుచున్నారనియు ఆ వృద్ధుడు మొరపెట్టుకొనెను. గాంధీగారు దానిని దాచలేదు. 1948 జనవరి 12వ తేదీన, మరునాటినుండి తాను చేయబోవు నిరాహారదీక్షను ప్రకటించిన ప్రసంగమునందే ఆ ఉత్తరమును లోకమునకు వినిపించెను. అది జరిగిన పదునెనిమిదవనాడు ఆయన హతుడాయెను. మరుసటియేడు వెంకటప్పయ్యగారును కన్నుమూసిరి.

ఆ ఉత్తరమున నాకు నచ్చినదేమనగా, తన జీవితమంతయు ధారపోసిన కాంగ్రెసువారి తప్పును ఆయన తప్పనియే చెప్పెను. కొత్త రాజ్యమున ఇట్టివి మామూలే యని సరిపెట్టుకొనలేదు.

అట్లని దొరల రాజ్యము మేలనువారితో నేనేకీభవింపను. 1855లో మదరాసు ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘమువారి నివేదిక ఒకటి కలదు. సిస్తు వసూలు చేయుటకును, లంచము రాబట్టుటకును క్రింది ఉద్యోగులు రైతులను ఎండలో వంచి నిలిపి వీపుపై రాళ్ళు పెట్టుట మొదలగు హింసలు చేయుచుండిరని దానిలో వ్రాసియున్నది. వీపుపై రాయి పెట్టించుకొన్నవాని మనుమడు ఆ రాజ్యమే మేలనుట ఏమి జ్ఞాపకశక్తి? నాటి లంచము బెదిరించి తీసుకొనెడిది. నేటిది నవ్వుచు తీసుకొనుచున్నది. నవ్వుచు తీసుకొనుదానిని గుర్తించుట మరింత కష్టము.

మన చిత్తూరు వారి నొకరిని ఈ సందర్భమున తలపకుండుట తగదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880లో చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచిలో పుట్టిరి. కేంబ్రిడ్జిలో చదివిరి. ఆయన జస్టిసు పక్షమువారితో కలిసి నడచినవారే. ఐనను ఆ పక్షపు మంత్రివర్గము తీరు నచ్చక వేరుపడి, 1923 నవంబరు 27వ తేదీన మదరాసు శాసనమండలిలో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించిరి. మన దేశపు శాసనసభలలో అట్టి తీర్మానము అదియే మొదటిదందురు. 44 మంది అనుకూలురు, 65 మంది ప్రతికూలురు. తీర్మానము ఓడినది. ఏడేండ్ల తరువాత, 1930లో, సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దమనకాండకు నిరసనగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవిని విడిచిరి. తాను పెంచిన విద్యాపీఠము అది. పదవిని విడుచుట ఆ నాడును మామూలు కాదు, ఈ నాడును కాదు.

ఆయన సాహిత్యమున చేసిన పనియు ఇట్టిదే. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము అను గ్రంథమున పింగళి సూరన కళాపూర్ణోదయమును ఎత్తిచూపుచు, మన ప్రబంధకవులలో పలువురు వర్ణనల మోజులో, శృంగారపు మితిమీరుటలో జీవము పోగొట్టుకొనిరని నిర్మొగమాటముగా చెప్పిరి. పండితులు భగ్గుమనిరి. పూర్వకవులను అంతమాట అనవచ్చునా యని రుసరుసలాడిరి. ఆయన తీర్పులన్నియు మనము ఒప్పుకొననక్కరలేదు. నాకును కొన్ని సమ్మతములు కావు. కాని వెలగలదానికి వెల, తాలుకు తాలు అని పేరు పెట్టు విమర్శకుడు లేనిచోట కవిత్వము కూడ మామూళ్ళతోనే నడచును.

నేడు నడచుచున్నదదియే. పుస్తకము అచ్చుకాకమునుపే పీఠికలు కొనితెచ్చుకొందురు. నీవు నన్ను మహాకవి యనుము, నేను నిన్ను విమర్శక శిఖామణి యందును అను ఒడంబడిక యొకటి. అధికారమున నున్నవానిమీద శతకములు, వాడు దిగిపోయిన మరునాడు వచ్చినవానిమీద అవే శతకములు పేరు మార్చి. ఈ గాలి కొత్తది కాదు. కృతిని అంకితమిచ్చి అగ్రహారము పుచ్చుకొనుట పూర్వము కలదు. ఐతే మన కొండనీడలోనే దానికి ఎదురు నిలిచినవారును కలరు. తాళ్ళపాక అన్నమాచార్యులు సాళువ నరసింహరాయని పొగడ నిరాకరించి సంకెళ్ళు పడెనని ఐతిహ్యము. ఐతిహ్యమును చరిత్రగా చెప్పను. ఆయన కీర్తనలు మాత్రము రాగిరేకులపై తిరుమల సంకీర్తన భాండారమున శతాబ్దముల తరబడి నిలిచి మనకు దక్కినవి. వాయల్పాడు ప్రాంతపు తరిగొండలో పుట్టిన వెంగమాంబ ఏ ప్రభువు పేరను నోరు మెదపలేదు. ఇక గోదావరి తీరమున వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను పెట్టి, లంచగొండి ఉద్యోగులను, ప్లీడర్లను వీధికెక్కించిరి. ఆ కాలపు తెలుగు వచనమునకు పదును వచ్చినది కొంతవరకు ఆ పోరాటమువల్లనే యని నా నమ్మకము.

రామలింగారెడ్డిగారి తొలికావ్యము ముసలమ్మ మరణము. మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నప్పుడు పోటీకై వ్రాసినది. అనంతపురము ప్రక్క బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగబోవుచుండగా ఊరిని కాపాడుటకై ఒక రెడ్డి ఇంటి కోడలు ప్రాణమర్పించిన కథ. ఈ కథను నేను పలుమార్లు పిల్లలకు చెప్పియున్నాను. చెప్పిన ప్రతిసారియు నా గొంతు బొంగురుపోయెడిది. ఇప్పుడు చెప్పలేను. ఎందుచేతనో వినుడు.

మాది చంద్రగిరి వైపు చిన్న పల్లె. జీవనదులు లేని సీమ మనది. స్వర్ణముఖియు బాహుదయు వానకారున కనబడి మాయమగును. చెరువే మనకు తల్లి. 2020 వేసవిలో మా చెరువుకట్టకు మరమ్మతు జరిగెను. ఊరిపెద్దనని నా చేత, పని తృప్తికరముగా జరిగినదని కాగితముపై సంతకము చేయించిరి. ఆ సాయంకాలము కంట్రాక్టరు పదిమందిలో నాకు శాలువ కప్పి, ఇంటికి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టెను. అయిదువేల రూపాయలు. "పెద్దరికానికి మర్యాద సామీ" అనెను. నేనడుగలేదు. వలదనియు అనలేదు. లంచమని అతడనలేదు, నేననుకొనలేదు. తూముకడ ఎన్ని బండ్ల రాయి పడవలెనో ఎన్ని పడినవో నేను కట్టమీదికి పోయి లెక్కించియు నుండలేదు.

2021 నవంబరు వానలు మీకు జ్ఞాపకముండును. తిరుపతి వీధులలో నది పారినది. రామచంద్రాపురము కడ రాయలచెరువు కట్టకు నీరు ఊరగా చుట్టుపట్ల పల్లెలను ఖాళీ చేయించిరి. ఆ దినములలోనే ఒకనాటి రాత్రి మా చెరువు తూము ప్రక్కను నీరు బుడబుడ లాడసాగెను. ఊరంతయు కట్టమీదికి వచ్చెను. పడుచువారు ఇసుకబస్తాలు మోసిరి. ఆడవారు తడికలు, చొప్పకట్టలు అందించిరి. నేను ఒక మూల టార్చిలైటు పట్టుకొని నిలిచితిని. తెల్లవారునప్పటికి నీరు ఆగినది. కట్ట నిలిచినది. నా ప్రక్క తడిసి వణకుచు కూర్చున్న ఒక ముసలామె, ఎవరిని ఉద్దేశించియు కాక, "తూము కాడ ఇంగా నాలుగు రాళ్ళేసింటే బాగుండు నాయనా" అనెను. ఆమెకు నా సంతకము సంగతి తెలియదు. ఆ చెరువుక్రింద ఆమెకు సెంటు భూమి లేదు.

కచేరి గుమాస్తాకు మామూలిచ్చిన రైతును చూచి అతనికి సిగ్గు లేదేమియని ఆశ్చర్యపడినవాడను నేనే గదా. నా ఇంటిలోనికి అదే వచ్చి మర్యాదయను పేరుతో కూర్చున్నప్పుడు నేను పీట వేసితిని.

ఇది నా ఒక్కని గొడవయైన ఇక్కడ చెప్పుకొనను. ఎన్నికల వేళ మన పల్లెలలో ఏమి జరుగుచున్నదో మీకు తెలియును. ఓటుకింత యని ఇండ్లవెంట పంచుదురు. దానిని మనము ఈసడింతుము. కాని కొన్ని ఊళ్ళలో పెద్దలు ఇంకొక మార్గము కనిపెట్టిరి. ఇంటింటికి వలదు, ఊరి గుడికి ఒక్కమొత్తముగా నిమ్ము, గోపురము కట్టుకొందుమని అభ్యర్థిని అడుగుదురు. ఇరుపక్షములవారి కడను తీసుకొన్న ఊళ్ళును కలవు. చేయి తడవలేదని మనము సంతోషింతుము. దేవుడు గదా పుచ్చుకొన్నది! ఓటుకు సొమ్ము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును చట్టరీత్యా నేరములే. దేవుని పేర పుచ్చుకొన్నచో నేరము తగ్గునని ఏ చట్టమునందును లేదు. రాయలు ఇచ్చినదానినే తూచి రాతిమీద చెక్కిన వంశమువారము. అభ్యర్థి ఇచ్చినది ఎంతయో ఆ గోపురముమీద వ్రాయించెదమా? వ్రాయింపలేనిదైనచో దాని పేరు కానుక కానేరదు.

చట్టము కొంత కదిలినది. 1947లో ఒకటి, 1988లో ఒకటి అవినీతి నిరోధక చట్టములు వచ్చినవి. 2018లో దానిని సవరించి లంచమిచ్చినవానిని కూడ నేరస్థుని చేసిరి. ఐతే విధిలేక ఇచ్చినవాడు ఏడుదినములలోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలిపినచో అతనికి నేరమంటదు. ఈ ఏడుదినముల సంగతి మన పల్లెలలో నూటికి పదిమందికైన తెలిసినట్లు లేదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పుడు. ఇంకొకటి. 2006 మొదలు మన రాష్ట్రమున ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగెను. ఊరి పడుచువారే హాజరుపట్టీలు పట్టుకొని ఇంటింటికి పోయి అడిగి, గ్రామసభలో బిగ్గరగా చదివిరి. చనిపోయినవారి పేర కూలి పడినదని, రాని దినములకు హాజరు పడినదని సభలోనే బయటపడినది. కొంత సొమ్ము వెనుకకు వచ్చినది. కొంత రాలేదు. సమస్తము సరిపోయినదని చెప్పలేను. కాని ఆ సభలలో కూర్చున్నప్పుడు నాకు తిరుమల గోడయే జ్ఞాపకము వచ్చెడిది. ఈసారి చదువురానివానికి చదివి వినిపించువారు కూడ నుండిరి.

2022 వేసవిలో మా చెరువుకట్టకు ఊరివారమే చందాలు వేసికొని మరల రాయి పోయించితిమి. లెక్కను రామాలయపు గోడకు సున్నము కొట్టించి, జేగురుతో వ్రాయింపవలెనని తీర్మానించితిమి. ఇంటింటి చందా, రాతిబండ్ల సంఖ్య, కూలి, ట్రాక్టరు బాడుగ, మిగులు. జమపద్దులో మొట్టమొదటి పంక్తిగా నా అయిదువేలను వ్రాయుమని చెప్పితిని. వ్రాయుచున్నది మా తలారి మనుమడు. బడి చదువు ముగించినవాడు. కుంచె పట్టుకొని నిలిచిపోయి, "ఏమని రాయల్ల సామీ? మామూలు అని రాయల్లా, మర్యాద అని రాయల్లా?" అని అడిగెను. చుట్టునున్నవారు నేల చూచిరి. లంచము అని వ్రాయుమంటిని. వాడు ఒకమారు నా ముఖము వంక చూచి, కుంచె జేగురులో ముంచి, వ్రాసెను. అక్షరములు కొంచెము వంకరగా వచ్చినవి. రెండు మూడు వానకారులకు సున్నము అక్కడక్కడ పెచ్చులూడినది గాని ఆ పంక్తి ఇంకను చదువ వచ్చుచున్నది.